మనోడేనా?

2007 జూన్ నెల. మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ, నాలుగో అంతస్తు. రిసెప్షన్‌లో సోఫా మీద నేనూ నా రూమ్మేటూ ఫైళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాం. అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో నలుగురం అద్దెకుంటున్న గది మాది. నలుగురికీ కలిపి టై ఒక్కటే. వాడి ఇంటర్వ్యూ ముందు కాబట్టి ఆ రోజు టై వాడు కట్టుకున్నాడు. బయటికి రాగానే విప్పి నాకివ్వాలని బస్సులోనే అనుకున్నాం.

వాడు లోపల యాభై నిమిషాలున్నాడు. వచ్చేసరికి చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది. ముడి విప్పకుండానే టై తల మీంచి తీసి నా చేతిలో పెట్టాడు. మెడ తగిలినంత మేరా తడి. డెడ్‌లాక్ రావడానికి ఉండాల్సిన నాలుగు షరతులు, లింక్డ్ లిస్టుని తిరగేసే ప్రోగ్రాం, రెండు టేబుల్స్ కలిపే క్వెరీ, ఇంకా చాలా అడిగారన్నాడు. ప్రోగ్రాం కాగితం మీద రాయించారట. "మంచిగనే చెప్పిన రా" అన్నాడు. నారాయణపేట వాడు. డెడ్‌లాక్ అంటే ఏమిటో ముందురోజు రాత్రి నాకు విడమర్చి చెప్పింది వాడే.

నా వంతు వచ్చింది. లోపల ఉన్నాయన నా రెజ్యూమె మొదటి పేజీ వదిలేసి చివరి పేజీ తీశారు. పర్మనెంట్ అడ్రస్ దగ్గర ఆయన వేలు ఆగింది. "రేలంగి? తణుకు పక్కన రేలంగేనా? మా అత్తగారిది అత్తిలి" అన్నారు. తర్వాత నా ఇంటిపేరు ఒకసారి పైకి చదువుకుని, మా నాన్నకి వరసకి అన్న అయ్యే ఒకాయన పేరు చెప్పి, "ఆయన మీకేమవుతారు?" అని అడిగారు. చెప్పాను. అక్కణ్ణుంచి మాటలు నిడదవోలు-భీమవరం ప్యాసింజర్ మీదికి, తణుకు చక్కెర ఫ్యాక్టరీ మీదికి, కాలవ కట్టేసే రోజుల మీదికి వెళ్ళాయి. టెక్నికల్ ప్రశ్నలు రెండే. రెండోదానికి నేను తడుముకుంటుంటే సగం జవాబు ఆయనే అందించారు. పావుగంటలో అయిపోయింది.

బయటికి రాగానే వాడు లేచి నిలబడ్డాడు. "ఏమడిగిన్రు రా?"

"నిన్నడిగినవే" అన్నాను.

మర్నాడు మెయిల్ నాకొచ్చింది. వాడికి రాలేదు.

ఆ ఉద్యోగానికి నేను పనికిరానా అంటే, పనికొచ్చాననే అనుకుంటాను. అక్కడ ఆరేళ్ళు చేశాను. కానీ ఆ రోజు ఆ సంగతి ఎవరూ పరీక్షించలేదు. లోపలున్న ఆయన చెడ్డవారూ కాదు. లంచం లేదు, ఎవరి సిఫారసూ లేదు. ఇంత పెద్ద ఊళ్ళో తనవైపు మనిషి కనిపించాడని సంతోషపడ్డారు. ఆ సంతోషం ఖరీదు మా వాడి మీద పడింది. అడ్రస్ చూసినప్పుడు ఆయన వెతికింది ఊరొక్కటే కాదని నాకు అప్పుడే తెలుసు. మన దగ్గర ఇంటిపేరూ ఊరూ పక్కపక్కన పెడితే కులం దానంతటదే బయటపడుతుంది. నోరు తెరిచి అడగాల్సిన పని లేదు.

ఒక్క మాటలో అన్నీ

ఐటీ ఆఫీసుల్లో పక్షపాతం అంటే అందరికీ ముందు గుర్తొచ్చేది డబ్బు తీసుకుని ఇప్పించే ఉద్యోగం, పెద్దాయన ఫోన్ కాల్. అవీ ఉన్నాయి. కానీ పద్దెనిమిదేళ్ళకు పైగా ఈ రంగంలో ఉండి, టేబుల్‌కి రెండువైపులా కూర్చున్నాక నాకు అర్థమైంది వేరు. ఎక్కువ అన్యాయం జరిగేది "మనోడు" అనే ఒక్క మాట మీద. ఆ మాటలో ఊరివాడూ ఉన్నాడు, కులంవాడూ ఉన్నాడు, కాలేజీ జూనియరూ, పాత కంపెనీలో పక్క సీటువాడూ ఉన్నారు. "మనోడే, కొంచెం చూడు" అని చాట్‌లో ఒక మెసేజ్ వస్తుంది. పంపినవాడు తప్పు చేస్తున్నాననుకోడు. అందుకున్నవాడు సాయం చేస్తున్నాననుకుంటాడు.

నిజానికి ఆ మాటే లేకపోతే మనలో సగం మంది ఈ ఊరికి వచ్చేవాళ్ళమే కాదు. 1998లో సైబర్ టవర్స్ తెరిచాక పల్లెటూళ్ళ నుంచి ఒకడు ముందు వచ్చి నిలదొక్కుకుంటే, వాడి గదిలో చాపలు పరుచుకుని పదిమంది కోర్సులు చేశారు. ఏ కంపెనీ తీసుకుంటోంది, ఏ కోర్సుకి గిరాకీ ఉంది, రెజ్యూమె ఎలా రాయాలి అన్నీ ఆ చాపల మీదే తెలిశాయి. ఐఐటీ ముద్ర లేనివాడికి, ఇంట్లో మొదటిసారి ఇంజినీరింగ్ చదివినవాడికి అంతకంటే వేరే దారి లేదు. ఉద్యోగం కబురు రోజూ కలిసే సన్నిహితుల కంటే అప్పుడప్పుడూ కలిసే పరిచయస్తుల ద్వారానే ఎక్కువగా అందుతుందని అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లోనే చూపించారు. పరిచయాలే లేని ఇంట్లో పుట్టినవాడికి ఆ కబురు అందనే అందదు. రిఫరల్ మీద నాకు ద్వేషం లేకపోవడానికీ, దాన్ని పూర్తిగా నమ్మలేకపోవడానికీ కారణం ఇదొక్కటే.

కంపెనీలకు రిఫరల్ అంటే ఇష్టం. ఏజెన్సీకి కట్టాల్సిన కమీషన్ మిగులుతుంది, వేల రెజ్యూమెలు జల్లెడ పట్టే పని తగ్గుతుంది. తెచ్చిన మనిషి చేరి కొన్ని నెలలు నిలబడితే తెచ్చినవాళ్ళకి బోనస్ ఇస్తారు. ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కు ఎక్కడంటే, రెజ్యూమె లోపలికి పంపిన మనిషే సాయంత్రం ప్యానెల్‌లో ఉన్నవాడితో టీ తాగుతాడు. మనిషిని గుమ్మం దాకా తీసుకురావడం సాయం. పరీక్ష లేకుండా లోపల కుర్చీ వేయించడం, ఆ కుర్చీ కోసం బయట నిలబడ్డ ఇంకొకడికి చేసిన ద్రోహం.

డబ్బు చేతులు మారే సంగతీ చెప్పాలి. 2023లో టీసీఎస్‌లో కాంట్రాక్టు సిబ్బందిని సరఫరా చేసే సంస్థలతో కొందరు ఉద్యోగులు కుమ్మక్కయ్యారన్న ఫిర్యాదు మీద విచారణ జరిగింది. 19 మంది ప్రమేయం తేలిందనీ, 16 మందిని తొలగించామనీ, ముగ్గురిని ఆ సిబ్బంది వ్యవహారాలు చూసే విభాగం నుంచి తప్పించామనీ, 6 సరఫరా సంస్థలను నిషేధించామనీ అక్టోబర్‌లో ఆ కంపెనీయే ప్రకటించింది. అంత పెద్ద కంపెనీ బయటపెట్టింది కాబట్టి మనకు తెలిసింది. ఇక మన ఊళ్ళో "బ్యాక్‌డోర్" అని నమ్మించి, పిల్లల తండ్రుల దగ్గర లక్షలు కట్టించుకుని రాత్రికి రాత్రి బోర్డు తిప్పేసిన కన్సల్టెన్సీలు ఎన్నో. పొలం తాకట్టు పెట్టి కట్టిన తండ్రిని అడిగితే ఒకటే చెబుతాడు: "అందరూ అలాగే వెళ్తున్నారన్నారండీ." న్యాయంగా వెళ్ళే దారి ఉందని ఆ ఇంట్లో ఎవరూ నమ్మలేదు. మోసగాళ్ళు అమ్మింది ఆ అపనమ్మకాన్నే.

మీ నాన్నగారు ఏం చేస్తారు?

అమీర్‌పేటలో ఇంటర్వ్యూకి తయారయ్యే ప్రతి పిల్లా పిల్లాడూ బట్టీ పట్టే జవాబు ఒకటుంది. "మీ గురించి చెప్పండి" అనగానే పేరు, ఊరు, తండ్రి వృత్తి, తల్లి గృహిణి, అన్నదమ్ములెంతమంది, ఇదే వరస. ఎందుకు చెప్పాలో ఎవరూ అడగరు. మాలో ఒకడు తన తండ్రి రిక్షా తొక్కుతాడని చెప్పాలా, "సెల్ఫ్ ఎంప్లాయ్డ్" అనాలా అని మా గదిలో ఒక రాత్రంతా చర్చ జరిగింది. ఆ కుర్రాడు చివరికి రెండోదే ఎంచుకున్నాడు. దాన్ని పలకడం పదిసార్లు ప్రాక్టీసు చేశాడు. పదిసార్లూ గొంతు తగ్గింది.

2007లో, సరిగ్గా మేం సోఫా మీద కూర్చున్న ఏడాదే, ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో రెండు అధ్యయనాలు వచ్చాయి. ఒకదానికోసం సురీందర్ జోధ్కా, క్యాథరిన్ న్యూమన్ పెద్ద ప్రైవేటు కంపెనీల హెచ్‌ఆర్ మేనేజర్లతో మాట్లాడారు. మేం చూసేది ప్రతిభే అని మేనేజర్లు గట్టిగా చెప్పారు. ఆ నోటితోనే, కుటుంబ నేపథ్యం తప్పకుండా అడుగుతామనీ చెప్పారు. రెండిటికీ పొంతన లేదన్న అనుమానం వాళ్ళకు రాలేదు. రెండో అధ్యయనం సుఖదేవ్ థోరట్, పాల్ ఆట్‌వెల్‌లది. పత్రికా ప్రకటనలు చూసి, చదువులో తేడా లేని దరఖాస్తుల్ని పేర్లు మాత్రం మార్చి పంపారు. 548 ప్రకటనలకు 4,808 దరఖాస్తులు. పిలుపు వచ్చే అవకాశం అగ్రకుల హిందూ పేరుకి 1 అనుకుంటే, దళిత పేరుకి 0.67, ముస్లిం పేరుకి 0.33గా లెక్క తేలింది. వీళ్ళెవరూ ఇంకా ఇంటర్వ్యూ గది తలుపు దాకా కూడా రాలేదు. కాగితం మీద పేరు చదివినంతలోనే తీర్పు అయిపోయింది.

తలుపు దాటాక ఏమవుతుందో చూపించే ప్రయోగం ఒకటి నన్ను చాలాకాలం నిద్రపోనివ్వలేదు. జేసన్ డేనా, మరో ఇద్దరు పరిశోధకులు 2013లో ప్రచురించారు. విద్యార్థుల చేత తోటి విద్యార్థులను ఇంటర్వ్యూ చేయించి, మార్కులు ఎన్ని వస్తాయో ఊహించమన్నారు. కొందరు అభ్యర్థులకు రహస్యంగా ఒక పని అప్పజెప్పారు: నిజం చెప్పకుండా, ఒక సూత్రం ప్రకారం గాలివాటున జవాబులివ్వాలి. ఇంటర్వ్యూ చేసినవాళ్ళు పసిగట్టలేదు. ఎదుటి మనిషి అర్థమయ్యాడనే అనుకున్నారు. పాత మార్కులు మాత్రమే చూసి చెప్పినప్పటి కంటే, ఇంటర్వ్యూ కూడా చేశాక వాళ్ళ అంచనాలు మరింత తప్పాయి. "మనిషిని చూస్తే తెలిసిపోతుందండీ" అని మా సీనియర్లు ఎంత ధీమాగా అనేవారో! పదేళ్ళు నేనూ అన్నాను.

మనుషుల్ని నమ్మలేం, యంత్రానికి అప్పగిద్దాం అనేవాళ్ళు ఇప్పుడు ఎక్కువయ్యారు. అమెజాన్ ఆ పని ముందే చేసి చూసింది. పదేళ్ళ పాత రెజ్యూమెలతో ఒక సాఫ్ట్‌వేర్‌కి మనుషుల్ని ఎంచడం నేర్పింది. ఆ పదేళ్ళలో వచ్చినవి ఎక్కువగా మగవాళ్ళవే కాబట్టి, అది మహిళల చెస్ క్లబ్ అనే మాట కనబడ్డా మార్కులు తగ్గించడం నేర్చుకుంది. దాన్ని పక్కన పడేశారని 2018లో రాయిటర్స్ రాసింది. మన అలవాట్లే దానికి బడి.

ఎక్సెల్ షీట్‌లో నాలుగో పేరు

ఉద్యోగం వచ్చాక కథ ఇంకో రకం. ఎవరికి మంచి ప్రాజెక్టు, ఎవరికి ఆన్‌సైట్, ఎవరు బెంచ్ మీద, ఎవరికి ఎంత హైక్. వీటిలో ఏదీ ఒక్కరోజులో తేలదు. మధ్యాహ్నం ఎవరు ఎవరితో భోంచేస్తారు, సాయంత్రం టీ కొట్టు దగ్గర ఎవరు నిలబడతారు అన్నదాన్ని బట్టి మెల్లగా పేరుకుంటుంది. ఏడింటికల్లా పిల్లల కోసం ఇల్లు చేరాల్సినవాళ్ళు ఆ టీ కొట్టు దగ్గర ఉండరు.

రేటింగ్స్ సరిచేసే మీటింగ్‌లో నేను మొదటిసారి కూర్చున్నది 2014లో. నలుగురు మేనేజర్లం, ప్రొజెక్టర్ మీద ఎక్సెల్ షీట్, 41 పేర్లు. పై రేటింగ్ నలుగురికే ఇవ్వాలని పైనుంచి లెక్క వచ్చింది. మూడు పేర్లు త్వరగానే తేలాయి. నాలుగో చోటుకి ఇద్దరు మిగిలారు. ఒకరు ప్రసూతి సెలవు నుంచి తిరిగి వచ్చిన అమ్మాయి. అప్పట్లో చట్టం ఇచ్చేది 12 వారాలే, 26 అయింది 2017లో. రాత్రిపూట ఆగిపోయే బ్యాచ్ జాబ్స్ ఎందుకు ఆగుతున్నాయో ఏడాదిగా ఎవరికీ దొరకలేదు. ఆమె వచ్చిన రెండు నెలల్లో పట్టుకుని సరిచేసింది. రెండోవాడు మంచి కుర్రాడే. మాలో ఒక మేనేజర్ ఊరివాడు, ఆయనకి టీకి తోడు వెళ్ళేవాడు.

"వాడు ఎప్పుడు పిలిచినా ఉంటాడండీ" అన్నారు ఆ మేనేజర్. "ఆవిడ ఈ ఏడాది మూడు నెలలు లేదు కదా."

నేనేమీ మాట్లాడలేదు. కర్సర్ ఆమె పేరు మీదికి వెళ్ళి, అంకె మార్చి, కిందికి దిగింది. అంతా కలిపి నిమిషం పట్టలేదు. వారం తర్వాత ప్యాంట్రీలో ఆమె నన్ను ఆపి అడిగింది: "నా పనిలో ఏం తక్కువైందో చెప్తే సరిచేసుకుంటానండీ." తక్కువైంది ఆమె పనిలో కాదని నాకు తెలుసు. "వచ్చే ఏడాది చూద్దాం" అన్నాను. వచ్చే ఏడాదికి ఆమె అక్కడ లేదు.

ఆ ఏడాది అక్టోబర్‌లోనే, మన హైదరాబాద్‌లో పెరిగి మైక్రోసాఫ్ట్ అధిపతి అయిన సత్య నాదెళ్ల, ఫీనిక్స్‌లో మహిళా కంప్యూటర్ నిపుణుల సభలో ఇబ్బందుల్లో పడ్డారు. జీతం పెంచమని అడగడం కంటే వ్యవస్థ మీద నమ్మకం ఉంచడం మేలు, అది మంచి కర్మ అన్న అర్థంలో మాట్లాడారు. తన జవాబు పూర్తిగా తప్పని ఆ రోజే ఒప్పుకున్నారు. అంత త్వరగా ఒప్పుకోవడం నాకు గౌరవం కలిగించింది. కానీ ఆ వార్త చదువుతున్నంతసేపూ నా కళ్ళ ముందు ప్యాంట్రీలో నిలబడ్డ ఆ అమ్మాయే ఉంది. వ్యవస్థను నమ్మింది కాబట్టే ఆమె తప్పు తనలో వెతుక్కుంది. ఇంతమందికే మంచి రేటింగ్, ఇంతమందికి తప్పనిసరిగా తక్కువ రేటింగ్ అనే పద్ధతిని మైక్రోసాఫ్ట్ 2013 నవంబర్‌లోనే వదిలేసింది. మన దగ్గర చాలాచోట్ల అది పేరు మార్చుకుని బతికే ఉంది.

సముద్రం దాటినా మనోడు మనతోనే వచ్చాడు. దళిత ఇంజినీరు పట్ల వివక్ష చూపారంటూ 2020లో కాలిఫోర్నియా ప్రభుత్వ విభాగం సిస్కో మీదా, ఇద్దరు భారతీయ మేనేజర్ల మీదా కేసు వేసింది. కంపెనీ ఆరోపణలను ఖండించింది. 2023లో ఆ ఇద్దరి మీద కేసు ఉపసంహరించుకున్నారు, కంపెనీ మీద మాత్రం కొనసాగించారు. అదే ఏడాది ఫిబ్రవరిలో సియాటెల్ నగరం కుల వివక్షను నిషేధించింది. 2024 అక్టోబర్‌లో లాస్ ఏంజెలిస్ జ్యూరీ కాగ్నిజెంట్ విషయంలో ఇంకో తీర్పు చెప్పింది: భారతీయులు కానివాళ్ళ పట్ల ఆ కంపెనీ వివక్ష చూపిందని. అప్పీలుకు వెళ్తామని కంపెనీ చెప్పింది. మనవాళ్ళం అక్కడ వివక్షకు గురవుతామని వింటూ పెరిగినవాళ్ళం, ఈ తీర్పుని కూడా తలెత్తి చదవాలి. ఇక ఇక్కడ, ప్రైవేటు ఉద్యోగాల్లో వివక్షనంతటినీ కలిపి అడ్డుకునే సమగ్ర చట్టం మనకు లేదు. రాజ్యాంగం 16వ అధికరణంలో చెప్పిన సమానావకాశం ప్రభుత్వ ఉద్యోగాలకే.

రాసిపెట్టుకున్న ఆరు ప్రశ్నలు

చట్టం వచ్చేదాకా చేయగలిగింది ఏమీ లేదా? ఉంది. అదేమంత పెద్ద విద్య కూడా కాదు. అందరినీ ఒకే ప్రశ్నలు అడిగి, ముందే అనుకున్న కొలతతో మార్కులు వేసే ఇంటర్వ్యూ, ఊసుపోక కబుర్ల ఇంటర్వ్యూ కంటే మనిషి పనితీరుని మెరుగ్గా అంచనా వేస్తుందని దశాబ్దాల పరిశోధన చెబుతోంది. కొన్నేళ్ళ క్రితం నేను ప్యానెల్ బాధ్యత తీసుకున్నాక మా టీమ్‌లో అదే మొదలుపెట్టాం. ఆరు ప్రశ్నలు ముందే రాసిపెట్టుకుంటాం. ఏ జవాబుకి ఎన్ని మార్కులో కూడా. ప్యానెల్‌లో ముగ్గురూ ఒకరితో ఒకరు మాట్లాడుకోకముందే మార్కులు వేసి పంపేయాలి. ప్యానెల్‌కి వెళ్ళే రెజ్యూమెలో ఇంటిపేరు, ఫొటో, తండ్రి పేరు, అడ్రస్ తీసేయమని హెచ్‌ఆర్‌ని అడిగాం. రిఫర్ చేసినవాళ్ళు ఆ ప్యానెల్‌లో ఉండకూడదు.

మొదట్లో గొణుగుడు వచ్చింది. "ఇది ఇంటర్వ్యూనా, ఇంటర్మీడియట్ పరీక్షా?" అన్నారొకాయన. ఆయనే మూడు నెలల తర్వాత నా దగ్గరికి వచ్చి, ఫోన్‌లో యాస విని తను తక్కువ అంచనా వేసిన కుర్రాడికి తన చేత్తోనే ఎక్కువ మార్కులు వేయాల్సి వచ్చిందని చెప్పారు. చెబుతున్నప్పుడు ఆయన కళ్ళలో సిగ్గు ఉంది. దాన్ని దాచుకోనందుకు నాకు ఆయన మీద ఇష్టం పెరిగింది. పక్షపాతం అంతా పోయిందని నేననను. ఇంగ్లీషు గలగలా మాట్లాడేవాళ్ళకి ఇప్పటికీ మా చేతులు అర మార్కు ఎక్కువే వేస్తాయి. దానికి మందు మాకింకా దొరకలేదు.

నా రూమ్మేటు ఇప్పుడు బెంగళూరులో పెద్ద టీమ్ నడుపుతున్నాడు. ఆ రోజు తర్వాత వాడికి ఉద్యోగం దొరకడానికి పదకొండు నెలలు పట్టింది. ఆ పదకొండు నెలల్లో వాడి చెల్లెలి బీఈడీ ఆగిపోయింది, మళ్ళీ మొదలవలేదు. ఈ మధ్య ఫోన్‌లో నిజం చెప్పేశాను, లోపల నన్నడిగింది డెడ్‌లాక్ కాదు, రేలంగి అని. కాసేపు ఏమీ అనలేదు.

"నాకు అప్పుడే తెల్సు రా" అన్నాడు. "నన్నడిగినవన్నీ పావుగంటల ఎట్ల పడ్తయ్?"

"మరి అడగలేదేం?"

"అడిగి ఏం చేస్తం? నీకు కూడ నౌకరి కావాలె కద."

పోయిన ఏడాది మా ఆఫీసు రిసెప్షన్‌లో ఒక కుర్రాడు ఫైలు పట్టుకుని కూర్చున్నాడు. అడ్రస్ తీసేసిన రెజ్యూమెలోనే, స్కూలు దగ్గర మాత్రం ఎవరో మర్చిపోయారు: జిల్లా పరిషత్ హైస్కూలు, అత్తిలి. ఆ కాగితం నా చేతిలో కొంచెం ఎక్కువసేపే ఉంది. తర్వాత పక్క టీమ్ సహోద్యోగిని పిలిచి నా బదులు ప్యానెల్‌లో కూర్చోమన్నాను. ముప్పావుగంట తర్వాత ఆ కుర్రాడు బయటికి వచ్చి, లిఫ్టు దగ్గర నా మాట విని ఆగాడు.

"మీది మా వైపేనాండీ? మాట అలాగే ఉంది."

"రిజల్టు వచ్చాక చెప్తాను బాబూ" అన్నాను.

అతనికి రాలేదు. ఆరింట్లో రెండు ప్రశ్నల దగ్గర బాగా తడబడ్డాడు. హెచ్‌ఆర్‌ని అడిగి, సరేనన్నాక ఫోన్ చేశాను. మాది రేలంగి అని చెప్పాను. ఆ రెండూ ఏవో, ఏం చదవాలో చెప్పాను. ఆరు నెలల తర్వాత మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవచ్చని, అప్పుడు కూడా ఆ గదిలో నేను ఉండనని చెప్పాను. "అలాగేనండీ" అని, "ఒక్క నిమిషమండీ, పెన్ను తీసుకుంటాను" అన్నాడు.